పాఠశాలయందు మతవిచారము



బడిలో మతమును గూర్చి మాటాడరాదనియు, మాటాడినచో తగవులు పుట్టుననియు కొందఱు పెద్దలందురు. మతము బోధింపనిచో పిల్లలు చెడిపోవుదురని మఱికొందఱందురు. ఇరువురి మాటలయందును కొంత సత్యము లేకపోలేదు. కాని యీ రెంటికిని నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా బడిలో గడపిన నేను ఆ త్రోవను గూర్చి నేడు మీకు మనవి చేయుదును.

మతబోధ వేఱు, మతమును గూర్చిన బోధ వేఱు. దేవుని నిట్లు కొలువుమని నేర్పుట మొదటిది. అది యింటను, గుడియందును, మసీదునందును, చర్చియందును జరుగవలసినది. మతము జనుల కట్టుబాట్లను, దానధర్మములను, రాజుల శాసనములను ఏ రీతిగా దిద్దినదో విచారించుట రెండవది. ఇది చరిత్ర. మన రాజ్యాంగమునందలి 28వ అధికరణము పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాసంస్థలలో మతబోధను నిషేధించినది. మతములను గూర్చి తెలిసికొనుటకు మాత్రము ఆ నిషేధము తగులదని సుప్రీముకోర్టు 2002వ సంవత్సరమున తీర్పు చెప్పినది.

ఈ భేదమును నేను గ్రంథముల వలన గాక నా తప్పు వలన నేర్చుకొంటిని.

1991వ సంవత్సరమున, ఒక గ్రామమున తొమ్మిదవ తరగతి పిల్లలకు శాసనములను గూర్చి చెప్పుచు, శ్రవణబెళగొళమునందలి 1368వ సంవత్సరపు బుక్కరాయల శాసనమును ప్రస్తావించితిని. శ్రీవైష్ణవులు తమ్ము బాధించుచున్నారని ఆనెగొంది, పెనుగొండ మున్నగు చోట్ల జైనులు రాయలకు మొఱపెట్టుకొనిరి. ఆయన శ్రీరంగము, తిరుమల, కంచి, మేలుకోట మొదలగు దివ్యక్షేత్రముల యాచార్యులను పిలిపించి, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో నుంచి, ఈ రెండు దర్శనములకును భేదము లేదని శాసించెను. జైనులు పంచమహావాద్యములను, కలశమును పూర్వమువలెనే వాడుకొనవచ్చుననియు, వారికి కలుగు హానిని వైష్ణవులు తమ హానిగా నెంచవలెననియు కట్టడి చేసెను. రాజ్యమందలి ప్రతి జైనగృహము నుండి యేటికొక పణము చొప్పున వసూలు చేసి, తిరుమల తాతయ్య యను వైష్ణవప్రముఖుడు గొమ్మటదేవునికి ఇరువదిమంది కావలివాండ్రను నియమింపవలెననియు, మిగిలిన సొమ్ముతో శిథిలమైన జినాలయములను బాగుచేయింపవలెననియు ఏర్పాటు జరిగెను.

ఇంత చెప్పి, మన పూర్వుల యౌదార్యము చూడుడని నేను సంతోషించుచుండగా, వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, “మాస్టారూ, బాధపెట్టినవాళ్లు వాళ్లు కదా! కావలికి డబ్బు వీళ్లెందుకు కట్టాలి?” అని యడిగెను. నాకు కోపము వచ్చినది. “పెద్దవాళ్లు చేసిన ధర్మంలో తప్పులు వెదకకు, కూర్చో” అని గద్దించితిని. వాడు కూర్చుండెను. పిమ్మట నా తరగతిలో నోరు విప్పలేదు.

రెండు నెలలకు శ్రీరామనవమి వచ్చెను. స్వామి రథము వీధులన్నియు తిరిగి, ఆ బాలుని పల్లె మొగమునకు వచ్చి, అచ్చటనే వెనుకకు మరలెను. ఉత్సవమునకు ఆ పల్లెవారును ఇంటింట చందా లిచ్చిరని నాకప్పుడు తెలిసెను. వాడడిగినది బుక్కరాయలను గూర్చి మాత్రమే కాదని గ్రహించి సిగ్గుపడితిని.

మఱునాడు బడిలో పాఠమును మరల విప్పితిని. “నీ ప్రశ్న సరియైనది, నేనే తొందరపడితిని” అని పిల్లలందఱి యెదుట ఒప్పుకొంటిని. అప్పుడు మేము కలిసి విచారించితిమి. ఆ పణము జైనుల సమ్మతితోనే కట్టబడినదని శాసనము చెప్పుచున్నది. బలవంతుడైన పొరుగువాని చేతనే తమకు కావలి పెట్టించుకొనుట వారికి లాభమై యుండవచ్చును. ఉన్న రాజ్యమున కలహము పెరుగకుండుట రాయలకును అవసరమే. అయినను రక్షణకు వెల చెల్లించినది బలహీనులే. రాయల న్యాయమును సత్యమే, పిల్లవాని ప్రశ్నయు సత్యమే. రెంటిని తూచి చూడనేర్పుటయే చదువు.

నాటి నుండి మత రాజకీయములను గూర్చిన ప్రతి పాఠమునందును పిల్లలచేత నాలుగు ప్రశ్నలు వేయించుచుంటిని. ఇచ్చినదెవరు? పుచ్చుకొన్నదెవరు? వెల చెల్లించినదెవరు? వెలుపల నిలిచినదెవరు?

ఈ ప్రశ్నలు మతమును దూషించుటకు కావు. గుంటూరు సీమలోని 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనమును చూడుడు. కాకతీయ గణపతిదేవునికి గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు మందడ గ్రామము దానముగా లభించినది. ఆయన దాని రాబడితో దేవాలయమును, మఠమును, విద్యాశాలను, అన్నసత్రమును, ప్రసూతిశాలను నెలకొల్పెను. శైవము పురిటి స్త్రీలకు ఆశ్రయమై, ఆకలిగొన్నవారికి అన్నమైనది. ఆ గురుగౌరవము కాకతీయుల సింహాసనమునకు బలమును గూర్చినదనుటయు స్పష్టమే. ధర్మకార్యమును రాజకార్యమును ఒకే తాడునకు రెండు పురులవలె పెనవైచుకొని యున్నవి.

అట్లే దేవాలయద్వారములు హరిజనులకు తెఱచుట భక్తుల మనస్సుల వలన మాత్రమే జరుగలేదు. 1947వ సంవత్సరపు మదరాసు ఆలయప్రవేశ చట్టమును కావలసివచ్చినది. చట్టము మాత్రమును చాలలేదు. తలుపు తీయు మనుష్యులును కావలసివచ్చిరి. 1950వ సంవత్సరమున అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. అయినను నలుబదియొక యేండ్ల తరువాత నేను చూచిన రథము పల్లె మొగమున ఆగినది. కావున చట్టమును, ఆచారమును పక్కపక్కన నుంచి పిల్లలకు చూపవలెను.

గ్రామపెద్దలారా! మీకు రెండు విన్నపములు. మీ మనుమలు బడి నుండి వచ్చి, “తాతయ్యా, మన గుడి యెవరు కట్టించారు? వాళ్లెందుకు లోపలికి వచ్చేవాళ్లు కారు?” అని యడిగినచో కసరకుడు. మీకు తెలిసినది ఉన్నదున్నట్లు చెప్పుడు. మీ యూరి గుడి ముంగిటనో, దర్గా చెంతనో శాసనమున్నచో పంతులుగారిని, పిల్లలను పిలిచి చూపింపుడు. ఇక నే మతమువారినైనను కించపఱచు పంతులు మీ బడిలో నున్నచో, అతడు మీ మతమువాడే యైనను, ఊరకుండకుడు.

ఆ గ్రామమున రథము పల్లెలోనికి పోవుటకు మఱి యైదేండ్లు పట్టినది. నా పాఠము కారణమని చెప్పుకొనను. ఆ యూరి పెద్దలే ఒక రాత్రి చావడిలో కూర్చుండి నిశ్చయించిరి. ఆ యేడు నేను వేఱొక బడిలో నుండియు, ఉత్సవము చూడ వెళ్లితిని. పల్లె మొదటి యింటి ముందు నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి, ఒక యువకుడు కొబ్బరికాయతో నిలిచియుండెను. నన్ను చూచి, “మాస్టారూ, ఈ యేడు చందాకు లెక్క సరిపోయింది” అని నవ్వెను.