ఏమీ వండుకోని ఇంటికి ఒక వంతు

(రేడియో ప్రసంగ పాఠము)

  ఈ దినము మీతో ఒక మిఠాయిని గురించి మాట్లాడాలని ఆశపడుచున్నాను. ప్రసంగములో మిఠాయి ఏమిటని కొందరు నవ్వుకొనవచ్చును. దయచేసి చివరి వరకు వినండి. పొయ్యి దగ్గర నిలబడే తల్లులు, అక్కలు మరి కొంచెము శ్రద్ధగా వినండి.

నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయము మీలో అనేకులు చదివియుందురు. చెరనుండి తిరిగి వచ్చిన ప్రజలు యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట కూడుకొన్నారు. ఎజ్రా ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివి వినిపించెను. వినిన ప్రజలు ఏడ్వసాగిరి. అప్పుడు వారి నాయకులు చెప్పిన మాటల సారాంశమేమనగా, ఇది ఏడ్చే రోజు కాదు, ఇండ్లకు వెళ్లి మంచి భోజనము చేయండి, తియ్యనివి త్రాగండి, ఇంట్లో ఏమీ వండుకోని వారికి కూడ ఒక భాగము పంపండి. ఆ చివరి మాటను గమనించండి. పండుగ ఎలా చేయాలో చెప్పినప్పుడే, పండుగ లేని ఇంటి సంగతి కూడ చెప్పారు.

ప్రియులారా, మన గ్రామములలో, మన పేటలలో ఏమీ వండుకోని ఇల్లు ఏదో మనకు బాగా తెలుసు. ఆ సంవత్సరములో ఎవరైనా ప్రభువునందు నిద్రించిన ఇల్లు. "ఈ ఏడు మాకు పండుగ లేదు" అని వారే చెబుతారు. అరిసెలకు బియ్యము నానబెట్టరు, నూనె మూకుడు పొయ్యి మీద పెట్టరు. గుమ్మానికి నక్షత్రము కూడ కట్టరు. ఆ ఇంటిలో చిన్నపిల్లలు ఉండవచ్చును. ప్రక్క ఇంటి నుండి వచ్చే నేతి వాసన వారికి కూడ తెలుస్తుంది. ఆ ఇంటికి మనము ఏమి పంపుదుము? ఎలా పంపుదుము? ఈ రెండు ప్రశ్నలకే ఈ ప్రసంగము.

ఏమి పంపాలో మొదట చెబుతాను. ఫడ్జ్ అని ఒక మిఠాయి ఉన్నది. చూచుటకు మన పాలకోవా ముక్కవలె ఉంటుంది. అమెరికా దేశములో క్రిస్మస్ దినములలో ఇండ్లలో దీనిని చేసి, డబ్బాలలో పెట్టి ఇరుగుపొరుగు వారికి పంచుతారు. దీని ఆరంభమును గురించి ఎక్కువగా చెప్పుకొనే సాక్ష్యము ఒక ఉత్తరము. వాసర్ కళాశాలలో చదివిన ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ అనే ఆమె వ్రాసిన ఉత్తరమది. తన స్నేహితురాలి బంధువు 1886లో బాల్టిమోర్ పట్టణములో ఈ మిఠాయి చేసినట్లును, అక్కడ అది పౌను 40 సెంట్లకు అమ్ముడుపోయినట్లును ఆమె వ్రాసినది. ఆ తయారీ విధానము తెలిసికొని, 1888లో కళాశాలలో జరిగిన వేలము కొరకు ఆమె 30 పౌనులు, అనగా దాదాపు పదమూడున్నర కిలోలు చేసినదట. ఒక ఆడపిల్ల మరొకరి చేతినుండి నేర్చుకొని, తాను తినగలిగిన దానికంటె ఎంతో ఎక్కువ చేసినది. మొదటి నుండి ఇది పదిమంది చేతులలోనికి వెళ్లుటకు చేసిన మిఠాయియే.

దీనిని పండ్ల రుచితో మన వంటింట్లో చేయవచ్చును. లోతైన మందపాటి గిన్నెలో రెండు కప్పుల చక్కెర, ముప్పావు కప్పు చిక్కని పాలు పోసి, చక్కెర పూర్తిగా కరిగే వరకు సన్నని మంట మీద కలపండి. గిన్నె అంచులకు చక్కెర పలుకులు అంటుకొంటే రెండు నిమిషములు మూత పెట్టండి, ఆ ఆవిరికి కరిగిపోతాయి. తరువాత మూత తీసి ఉడకనివ్వండి. పాలు పొంగుతాయి కనుక ప్రక్కనే ఉండండి. పాకము 112 నుండి 116 డిగ్రీల సెల్సియస్ మధ్యకు రావాలి. ఉష్ణమాపకము లేదని చింతపడవద్దు. అరిసెల పాకము చూచే తల్లికి ఇది తెలిసిన పనియే. చల్లని నీళ్లలో ఒక చుక్క వేస్తే వ్రేళ్లతో మెత్తని ఉండ కట్టాలి. అంతే పాకము.

దించిన వెంటనే రెండు పెద్ద చెంచాల వెన్న పైన వేయండి. ఇప్పుడు అందరికీ కష్టమైన పని ఉన్నది. కదపకుండ ఉండాలి. గిన్నె అడుగున అరచేయి పెట్టి ఓర్చుకోగలిగినంత గోరువెచ్చన అయ్యే వరకు, దాదాపు 45 డిగ్రీలకు వచ్చే వరకు, గరిటె ముట్టవద్దు. వేడిమీద కలిపితే చక్కెర పెద్ద పెద్ద పలుకులుగా గట్టిపడి నోటికి ఇసుకవలె తగులుతుంది. చల్లారిన తరువాత ఆపకుండ కలిపితే లెక్కలేనన్ని సన్నని పలుకులు ఒక్కసారి పుట్టి, మిఠాయి వెన్నవలె నునుపుగా వస్తుంది. పైనున్న నిగనిగ పోయి చిక్కబడే వరకు కలపాలి. చేయి నొప్పి పుడుతుంది. ఇంటి యజమానులారా, మీరు కూడ ఒక చేయి వేయండి.

చిక్కబడుచుండగా ఒక పెద్ద చెంచా కమలా తొక్క తురుము, అర కప్పు కిస్‌మిస్ గాని, బొప్పాయి కాయతో చేసే టూటీ ఫ్రూటీ గాని కలపండి. పండు బాగా కడిగి, పైనున్న రంగు పొరను మాత్రమే తురమండి, లోపలి తెల్ల పొర చేదు. పండ్ల రసము పోయవద్దు. రసములోని పులుపుకు పాలు విరిగిపోతాయి, దానిలోని నీటికి మిఠాయి గట్టిపడదు. వెంటనే నెయ్యి రాసిన పళ్లెములో పోసి, ఆరిన తరువాత ఆరు గీతలలో ఆరేసి చొప్పున కోస్తే 36 చిన్న ముక్కలు వస్తాయి. ఒకవేళ ఇసుక పలుకులుగా వచ్చినా పారవేయవద్దు. కొంచెము నీళ్లు పోసి, సన్నని మంట మీద కరిగించి, మరల పాకము పట్టి, ఈసారి ఓపికగా చల్లార్చండి. చాలావరకు బాగుపడుతుంది.

పాలు, వెన్న కొనుటకు ఇబ్బందిగా ఉన్నవారు జామపండుతో చేయండి. గోవాలో క్రైస్తవ కుటుంబములు క్రిస్మస్‌కు పెరాడ్ అనే పేరుతో దీనిని చేస్తారు. చలికాలములో మన సంతలలో జామపండ్లు దొరుకుతాయి. కిలో పండిన కాయలు కోసి, కొద్ది నీళ్లతో మెత్తగా ఉడికించి, జల్లెడలో వేసి గింజలు తీసివేయండి. గుజ్జు బరువులో ముప్పావు వంతు చక్కెర, ఒక చెంచా నిమ్మరసము కలిపి, సన్నని మంట మీద కలుపుతూనే ఉండండి. గుజ్జు ఎగిరి చేతిమీద పడుతుంది కనుక పొడవైన గరిటె వాడండి, పిల్లలను దూరముగా ఉంచండి. ముద్ద గిన్నె అంచులను వదిలినప్పుడు ఒక చెంచా నెయ్యి వేసి, పళ్లెములో పరచి, రాత్రంతా ఆరనిచ్చి కోయండి. జామపండులో పెక్టిన్ అనే పదార్థము ఎక్కువగా ఉన్నందున అది బాగా గట్టిపడుతుంది. పాలు లేనందున ఎక్కువ దినములు నిలువ ఉంటుంది.

ఇక రెండవ ప్రశ్న. ఎలా పంపుదుము?

క్రిస్మస్ ఉదయమున మన వీధులలో పళ్లెములు ఎటు వెళ్తున్నవో ఒకసారి ఆలోచించండి. మనము ఎవరికి పంపుతున్నాము? మనకు పంపేవారికే. వారి కేకు మనకు, మన అరిసెలు వారికి. ఇది మంచిదే, స్నేహము నిలుస్తుంది. అయితే లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో ప్రభువు విందు చేసేవారికి చెప్పిన సంగతి జ్ఞాపకము చేసికొనండి. తిరిగి పిలువలేని వారిని పిలువుమని ఆయన చెప్పెను. తిరిగి పంపలేని ఇంటికి మన పళ్లెము ఎన్నిసార్లు వెళ్లినది?

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉన్నది, ఆడవారికి బాగా తెలుసు. మనలో ఒకరు గిన్నెలో పెట్టి పంపితే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. కనీసము పిడికెడు చక్కెరయైనా వేసి పంపుతారు. మంచి అలవాటే. కాని భర్తను మట్టికి అప్పగించిన తల్లి ఇంటికి మీ స్టీలు గిన్నె వెళ్తే ఏమవుతుంది? ఆమె దానిని కడిగి, అటక మీద పెట్టి, దీనిలో ఏమి వేసి పంపాలి అని దినమంతా ఆలోచిస్తుంది. డబ్బాలో చక్కెర ఎంత ఉన్నదో చూచుకొంటుంది. మనము సంతోషము పంపితిమి అనుకొన్నాము, ఆమెకు అప్పు చేరినది. కనుక ఆ ఇంటికి గిన్నెలో పంపవద్దు. కాగితపు పెట్టెలోనో, విస్తరాకులో చుట్టియో ఇవ్వండి. ఏదీ తిరిగి రానక్కరలేని దానిలో ఇవ్వండి.

ఇంకొక మాట. పిల్లలు తిని, బంధువులు తిని, మిగిలిన విరుగుడు ముక్కలు ఆ ఇంటికి పంపవద్దు. కోసిన వెంటనే, మీ ఇంటిలో ఎవరూ ముట్టకముందే, ఆ 36 ముక్కలలో పన్నెండు తీసి ప్రక్కన పెట్టండి. ఆ ఇంటిలో షుగరు వ్యాధి ఉన్న పెద్దలుంటే, వారు తినలేనిది చూపించి బాధపెట్టవద్దు. వారికి ఏది తగునో ఇంటివారిని అడిగి తీసికొని వెళ్లండి.

పిల్లవానిచేత గుమ్మము దగ్గర ఇప్పించి పిలిపించుకొనవద్దు. మీరే వెళ్లండి. సంఘమంతా గుంపుగా వెళ్లనక్కరలేదు, ఫొటోలు తీయవద్దు. ఇద్దరు వెళ్లి చాప మీద కూర్చోండి. "పండుగ ఎందుకు చేసికోలేదు, విశ్వాసము లేదా" అని అడుగవద్దు. ఏడ్చుచున్న వారిని గద్దించుటకు మనము పంపబడలేదు. లాజరు సమాధి యొద్ద ప్రభువే కన్నీరు విడిచెను. చనిపోయిన వారిని గురించి మాట్లాడుటకు భయపడవద్దు. "అన్నయ్యకు తీపి ఇష్టము కదా వదినా" అని అడగండి. ఆమె మాట్లాడుతుంది. ఆమె పెట్టె విప్పి మీకు ఒక ముక్క ఇస్తే వద్దనకండి, తీసికొని తినండి. ఆ క్షణమున ఆ ఇంటిలో ఇచ్చేది ఆమె, తీసికొనేది మీరు. చాలా దినముల తరువాత ఆమె తన ఇంటిలో అతిథికి తీపి పెట్టినది.

ప్రియులారా, మిఠాయి ముక్క మరణ దుఃఖమును తీసివేయదు. తీసివేస్తుందని నేను చెప్పను. అయినను బేత్లెహేములో సత్రములో స్థలము లేనివారి మధ్య జన్మించినవాని పండుగను మనము ఆచరించుచున్నాము. మన వీధిలో ఒక గుమ్మము చీకటిగా ఉండగా దానిని దాటి దేవుని మందిరమునకు వెళ్లుట మనకు తగునా?

ఈ వారములోనే ఆ ఇల్లు ఏదో కుటుంబముగా కూర్చుండి అనుకొనండి. పేరు పెట్టి ప్రార్థన చేయండి. తరువాత పొయ్యి వెలిగించండి. దేవుడు మీ చేతుల పనిని, మీరు వెళ్లే గుమ్మమును దీవించును గాక. ఆమేన్.