సరిచూసిన మాటకు జైలు వద్దు

ఇవాళ పరువునష్టం చట్టం గురించి మాట్లాడతాను. కలం పట్టినవాళ్లందరికీ ఇది ఇంటి విషయమే.

నేను ఉపసంపాదకుడిగా చేరిన కొత్తలో ఒక లంచం వార్తలో నిందితుడి ఇంటిపేరు తప్పు పడింది. నేను దిద్దిన కాపీయే. సరిగ్గా ఆ పేరూ ఇంటిపేరూ ఉన్న బడిపంతులు ఒకాయన ఆ ఊళ్లో ఉన్నారు. మర్నాడు ఆఫీసుకొచ్చి, నాలుగు మడతల పేపరు బల్ల మీద పరిచి, "నేను కాదని ఎంతమందికని చెప్పుకోను బాబూ?" అన్నారు. తప్పు మొదటి పేజీలో పడింది. సవరణ మాత్రం మూడోనాడు లోపలి పేజీలో, టెండరు ప్రకటనల కింద రెండు పంక్తులు వేశాం. పరువు అనగానే నాకు ఆ మడతలే గుర్తొస్తాయి.

అందుకే, పరువు కూడా 21వ అధికరణం కిందికొచ్చే హక్కేనని 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు అంటే నాకు అభ్యంతరం లేదు. అదే తీర్పు పరువునష్టాన్ని నేరంగా నిలబెట్టడమే నాకు మింగుడుపడదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 499, 500 సెక్షన్లు 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో 356వ సెక్షన్ అయ్యాయి. సమాజసేవ శిక్ష కొత్తగా చేరింది, రెండేళ్ల దాకా జైలు అలాగే ఉంది. సివిల్ దావాలో నిజమని రుజువైతే చాలు. క్రిమినల్ కేసులో అది ప్రజాహితం కోసమని కూడా చూపించాలి. మండల విలేకరికి శిక్షే పడనక్కర్లేదు, సమన్లు చాలు. వాయిదా వాయిదాకూ బస్సెక్కి, కోర్టు వరండాలో పేరు పిలిచేదాకా నిలబడితే, మరో వార్త రాయడానికి చెయ్యి రాదు.

దారి లేకపోలేదు. మరణశిక్ష పడ్డ ఆటో శంకర్ ఆత్మకథను తమిళ పత్రిక నక్కీరన్ వేయబోతే జైళ్ల శాఖ ఉన్నతాధికారి హెచ్చరిక లేఖ రాశారు. దానిపై నడిచిన కేసులో 1994లో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అచ్చు కాకముందే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదన్నారు. అధికారుల విధినిర్వహణ మీద రాసినదాంట్లో పొరపాటు దొర్లినా, తగినంతగా సరిచూసుకునే రాశానని చూపగలిగితే రచయిత పరిహారం కట్టనక్కర్లేదన్నారు. జైలు సెక్షన్ల జోలికి మాత్రం ఆ తీర్పు పోలేదు.

ఆ తీర్పు వదిలేసిన జైలు సెక్షన్ల రద్దును మనం అడగాలి. మనకీ చట్టం పెట్టిపోయిన బ్రిటనే 2009లో తన దేశంలో రద్దు చేసుకుంది. శ్రీలంక 2002లోనే తీసేసింది. జైలు పోవాలి, నష్టపోయినవాడికి సివిల్ కోర్టులో త్వరగా న్యాయం అందాలి.

అలా అడగాలంటే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. రాసేముందు కాగితం కళ్లారా చూడాలి, అవతలి మనిషి మాట వినాలి. తప్పు ఏ పేజీలో ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో, సవరణ ఆ పేజీలో అంత పెద్ద అక్షరాల్లోనే పడాలి. మేమా రోజు అలా వేసి ఉంటే, పంతులుగారు ఆ పేపరు కూడా మడిచి జేబులో పెట్టుకుని, పదిమందికీ చూపించుకునేవారు.