పట్టిన తూటా యెల్ల తగిన తూటా కాదు



కోనసీమ రైతునకు గట్టు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగి లంకలును లోగిళ్లును మునిగినవి. గట్టు ఎక్కడ పలుచనైనదో నీరక్కడనే దారి చేసికొనును. తుపాకిమందు ఒత్తిడియు నట్టిదే. ఆత్మరక్షణకై లైసెన్సు పొంది చిన్న రివాల్వరు నుంచుకొనిన గృహస్థులకు మేము చెప్పదలచిన దింతియే.

మొన్న మా కక్షిదారుడొకరు వచ్చి, "ప్లీడరుగారండీ, నా రివాల్వర్లో .32 పిస్తోలు తూటా సరిగ్గా పడుతోందండి. జోరు కూడా ఎక్కువటండి. వాడుకోవచ్చాండి?" అని యడిగిరి.

పేరొకటియైనను జాతి వేరు. రివాల్వరునకు నిర్దేశించినది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. అమెరికా ప్రమాణముల ప్రకారము దాని గరిష్ఠపు టొత్తిడి చదరపు అంగుళమునకు 15,000 పౌనులు. పిస్తోలునకు చెందిన .32 ఆటో, అనగా 7.65 మిల్లీమీటర్ల తూటాకు, అది 20,500. మూడవవంతునకు మించిన హెచ్చు!

2014లో కాన్పూరు ఫీల్డుగన్ ఫ్యాక్టరీ వెలువరించిన 'నిర్భీక్' .32 రివాల్వరు బరువు సుమారు అరకిలో. ఇట్టి తేలిక ఆయుధములందు లోహము అవసరమైనంత మేరకే యుండును. తూటాల చక్రమున గదుల గోడలు పలుచన. చక్రమును నిలుపుటకు గంటు కోసినచోట మరింత పలుచన. ఒక్క పేల్పుతో పగులకపోవచ్చును. కాని దెబ్బవెంట దెబ్బ తగిలి చట్రము సాగును. చక్రమునకును గొట్టమునకును నడుమ సందు పెరుగును. తుదకొకనాడు గది పగిలి, పట్టుకొనిన చేతినే చీల్చవచ్చును.

పోనీ, లాభమేమి? పొట్టి గొట్టమునుండి గుండు త్వరగా వెలువడును. హెచ్చిన బలములో చాలభాగము మంటగను మ్రోతగను వ్యర్థమగును. చేయి అదరి రెండవ గుండు గురి తప్పును.

1935లో .357 మాగ్నమ్ తూటాను వెలువరించినవారు దాని తొడుగును .38 స్పెషల్ తొడుగు కంటె సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు చేసిరి. పాత రివాల్వర్లలో పట్టకుండుటకే. అచ్చట కొలతయే కావలి కాచినది. పెక్కు .32 రివాల్వర్ల విషయమున అట్టి కావలి లేదు. మన వివేకమే కావలి.

కావున తూటా అడుగున ముద్రించిన అక్షరములను చదువుడు. రివాల్వరుపై చెక్కిన పేరుతో సరిపోల్చుడు. సందేహమున్నచో కాల్చకుడు, లైసెన్సుగల ఆయుధ వర్తకుని అడుగుడు. లైసెన్సు చట్టమునకు జవాబు చెప్పును గాని, ఒత్తిడికి చెప్పజాలదు. మా కక్షిదారునకు ఫీజు లేకుండ చెప్పిన ఈ సలహానే మీకును నివేదించుచున్నాము.