విక్రయ బృందములు – నాయకుని నడవడి



ముప్పది యారేండ్లు బాలురచేత శబ్దములును ధాతువులును వల్లె వేయించిన నన్ను వర్తక విషయమున మాటలాడుమనుట వింతయే. అయినను నా శిష్యులలో పలువురు నేడు మందుల కంపెనీలలోను, వస్త్ర దుకాణములలోను, బీమా సంస్థలలోను విక్రయవృత్తి యందున్నారు. వారు నా యింటికి వచ్చినపుడు జీతమును గూర్చి తక్కువగను, తమ పైయధికారిని గూర్చి ఎక్కువగను చెప్పుదురు.

ఏడాది తిరుగకమున్నే పని మానిన యొకనిని కారణ మడిగితిని. "మాస్టారూ, ఎండలో తిరగడానికి భయపడలేదండి, ప్రొద్దుటి మీటింగుకు భయపడినాను" అనెను. అచ్చట ప్రతి యుదయమున నిన్నటి అమ్మకపు లెక్కను పేరు పేరున చదివి, తగ్గినవానిని అందరి యెదుట నిలువబెట్టెడివారట. ఆ నెలలో అతని తల్లికి కంటి శస్త్రచికిత్స జరిగెను. లెక్క తగ్గినదని అడిగినవారే గాని, ఏల తగ్గినదని అడిగినవారు లేరు. అతడు పోవుటతో సంస్థకు నష్టమైనది ఒక్క మనిషి కాదు. ఏ దుకాణదారుడు ఏ వారమున పైక మిచ్చును, ఎవరికి అరువు నిలుపవలెను, ఎవరితో ఏ వేళ మాటలాడవలెను అను జ్ఞానమంతయు అతనితోనే పోయినది. అది ఏ ఖాతా పుస్తకమునను లేదు.

ఆ యధికారిని నిందించుటకు నాకు నోరు రాలేదు. నేను ప్రధానోపాధ్యాయుడనై యుండగా ఒక యువకోపాధ్యాయుని పిల్లల యెదుటనే మందలించితిని. ఆయన ఆ వేసవికే బదిలీ చేయించుకొని పోయెను. మరుసటి యేడు మా బడిలో గణితము ఎట్లు సాగెనో నాకే తెలియును. గదిలోనికి పిలిచి చెప్పిన సరిపోయెడి మాట అది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున భృత్యభరణమును గూర్చి ఒక ప్రకరణము కలదు. పనిలో నుండి మరణించినవాని భార్యాపుత్రులకు అన్నమును వేతనమును ఈయవలెననియు, భృత్యుల యింట మరణము గాని, రోగము గాని, పురుడు గాని సంభవించినపుడు ధనముతోను, గౌరవముతోను ఆదరింపవలెననియు అందున్నది. ధనముతో మాత్రమే సరిపుచ్చలేదు, గమనింపుడు.

అమెరికాలో 1884లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీని నెలకొల్పిన జాన్ ప్యాటర్సన్ ఒక్కొక్క విక్రేతకు ఒక్కొక్క ప్రాంతమును స్థిరపరచి, అచ్చటి అమ్మకముపై కమిషను వానికే చెందునట్లు చేసెను. మన సంఘీయులలో కొందరో, పరుడొకడు రెండేండ్లు తిరిగి పండించిన లైనును మేనల్లుని కప్పగింతురు. ఈ మాటకు కొందరికి కోపము రావచ్చును. అయితే ఆ ప్యాటర్సనే సమర్థులను సైతము తొలగించు స్వభావము గలవాడు. అట్లు తొలగింపబడిన థామస్ వాట్సన్ 1914లో చేరిన సంస్థయే 1924లో ఐ.బి.ఎం. అను పేరు దాల్చినది.

మా యూరి యేజెన్సీ యజమాని యొకడు, నా పూర్వశిష్యుడు, ప్రతి నెల అయిదవ తేదీన కమిషను లెక్క చీటీని చేతికిచ్చును. క్రొత్తగా చేరినవానితో మొదటి పక్షము తానే లైను తిరుగును. దుకాణదారుడు కసరినచో ఆ మాట తాను పడును. అతని యొద్ద పదునాలుగేండ్లుగా నున్నవారు కలరు. ఈ సభకు అతని నాహ్వానించితిని. "నిన్ననే ఒక కుర్రవాడు చేరినాడండి, వానితో బయలుదేరుచున్నాను, సాయంకాలము వీలైన వచ్చెదను" అని చెప్పి పంపినాడు.