వృషణానికి ఆజ్ఞ ఎక్కడి నుంచి?

ఎవరి స్మృతిలో ఇవాళ కలుసుకున్నామో ఆ మాస్టారు ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేవారు. పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థ దగ్గరికి రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేయడం చాలా క్లాసుల్లో మామూలు. ఆయన తిప్పేవారు కాదు. బోర్డు మీద బొమ్మ గీసి, గుండె గురించి చెప్పినంత తేటగా చెప్పేవారు. ఆయన పేరిట మాట్లాడే అవకాశం వచ్చింది కాబట్టి ఆ పాఠాన్నే ఎంచుకున్నాను.

1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ అనే ఆచార్యుడు ఆరు కోడిపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు పూర్తిగా తీసేసిన పుంజులకు తురాయి ఎదగలేదు, పోట్లాట లేదు, కూత లేదు. తీసిన వృషణాన్ని తిరిగి పొట్టలో ఎక్కడో అమర్చిన పుంజులు మాత్రం మామూలు పుంజుల్లాగే పెరిగాయి. కోసి చూస్తే ఆ వృషణానికి కొత్తగా రక్తనాళాలు అల్లుకున్నాయి గానీ, పాత నరాల సంబంధం లేదు. అంటే కబురు వెళ్లింది రక్తంలోనే. హార్మోన్ అన్న మాట పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందే దొరికిన రుజువు ఇది. ఆ రసాయనం పేరు టెస్టోస్టెరాన్ అని తేలడానికి 1935 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాక్వేర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి దాన్ని వేరు చేసింది.

అయితే వృషణం స్వతంత్రం కాదు. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. దానికి స్పందించి పీయూష గ్రంథి రెండు హార్మోన్లు పంపుతుంది. ఎల్‌హెచ్ వెళ్లి వృషణంలోని లీడిగ్ కణాల చేత టెస్టోస్టెరాన్ చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ సెర్టోలి కణాలను పనికి పురికొల్పుతుంది. పెరిగే శుక్రకణాలను సాకేది ఆ సెర్టోలి కణాలే. ఒక శుక్రకణం తయారు కావడానికి దాదాపు 70 రోజులు. ఆపైన ఎపిడిడిమిస్ అనే, విప్పితే సుమారు 6 మీటర్లుండే సన్నని గొట్టంలో పయనిస్తూ ఈదే శక్తి తెచ్చుకుంటుంది.

విడతలుగా అన్నాను కదా, కీలకమంతా అక్కడే ఉంది. 1970లలో నోబిల్ బృందం కోతుల్లో చూపించింది: జీఎన్‌ఆర్‌హెచ్‌ను గంటకోసారి ఇస్తే పీయూష గ్రంథి పనిచేస్తుంది, ధారగా ఇస్తూ పోతే పని మానేస్తుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టెరాన్‌ను అణచడానికి వైద్యులు ఈ గుణాన్నే వాడుకుంటున్నారు.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే సంగతి. రక్తంలో టెస్టోస్టెరాన్ పెరిగితే మెదడు దాన్ని గమనించి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను తగ్గిస్తుంది. కండల కోసం జిమ్‌లో ఎవరో ఇచ్చిన సూది వేయించుకునే కుర్రాడి ఒంట్లో జరిగేది ఇదే. రక్తంలో హార్మోన్ నిండుగా ఉంటుంది, వృషణంలో మాత్రం అడుగంటుతుంది. శుక్రకణాల తయారీకి వృషణం లోపల రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ టెస్టోస్టెరాన్ కావాలి. అది అక్కడే తయారవ్వాలి, బయటి సూది దాన్ని భర్తీ చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన మగవాళ్లకు వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇచ్చారు. ఆరు నెలల్లో సగానికి పైగా మందిలో శుక్రకణాలు పూర్తిగా కనపడకుండా పోయాయి. ఆ అధ్యయనం చేసింది మగవాళ్లకు గర్భనిరోధక మందు కోసం! మగతనం పెరుగుతుందని పిల్లలు కొనుక్కుంటున్నది ఆ మందునే. ఆపేస్తే చాలామందిలో తయారీ మళ్లీ మొదలవుతుంది. కానీ నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లూ పట్టవచ్చు.

ఇలా కారణం మగవాడిలోనే ఉండవచ్చు. అయినా పెళ్లయి పిల్లలు కలగకపోతే మన ఇళ్లలో ముందుగా కోడలినే ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఆమెకు ఖరీదైన, నొప్పి కలిగించే పరీక్షలు ఎన్నో అయ్యాక గానీ అబ్బాయి వీర్యపరీక్షకు ఒప్పుకోడు. అన్ని పరీక్షల్లోకీ తేలికైనది అదే. ఇది అన్యాయం, అనవసరం కూడా. ఇద్దరినీ ఒకేసారి పరీక్షించాలి. వాడిన సూదులు, పొడులు, మాత్రలు ఏవైనా దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

బయటి టెస్టోస్టెరాన్ లోపలి లోటు తీర్చలేదు కాబట్టే, పీయూష గ్రంథి లోపంతో పిల్లలు కలగనివారికి వైద్యులు టెస్టోస్టెరాన్ ఇవ్వరు. ఎల్‌హెచ్ చేసే పని చేసే హెచ్‌సీజీని, అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్‌ను నెలల తరబడి సూదులుగా ఇస్తారు. అప్పటిదాకా ఒక్క శుక్రకణమూ లేని చాలామందిలో అవి కనిపించడం మొదలవుతుంది. తండ్రులైన వారూ ఉన్నారు.