ఎన్నికల వాగ్దానం: నమ్మకానికి ఏది ఆధారం?

ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానాన్ని ఓటరు నమ్మవచ్చునా అన్న ప్రశ్నకు తెలుగునాట సాధారణంగా వాగ్దానం చేసిన నాయకుని స్వభావంలోనే జవాబు వెదుకుతారు. మాట మీద నిలబడే మనిషా, మడమ తిప్పే మనిషా అన్నదే చర్చ అవుతుంది. 1983 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2014 తరువాత రెండు రాష్ట్రాలలోనూ జరిగిన ఎన్నికలను వరుసగా పరిశీలిస్తే ఈ వెదుకులాట చాలావరకు దారి తప్పినదని తేలుతుంది. ఒకే నాయకుడు ఒకే శాఖ విషయంలో చేసిన రెండు వాగ్దానాలలో ఒకటి ప్రమాణ స్వీకారం నాడే అమలై, మరొకటి అయిదేళ్లు గడిచినా అమలు కాని సందర్భం ఈ చరిత్రలో ఉంది. వాగ్దానం నెరవేరడానికి ఎవరెవరు ఏమేమి చేయాలి, డబ్బు ఏ పద్దు నుంచి రావాలి, ఎవరి అనుమతి కావాలి అన్న అమరికే, నాయకుని నిజాయితీ కంటే ఎక్కువగా, దాని భవిష్యత్తును నిర్ణయిస్తుందన్నది ఈ ఉపన్యాసపు ప్రతిపాదన.

నాయకులందరూ అబద్ధాలాడతారన్న సామాన్యాభిప్రాయాన్ని రాజనీతి శాస్త్రజ్ఞులు లెక్కకట్టి పరీక్షించారు. రాబర్ట్ థామ్సన్, టెర్రీ రోయెడ్, ఎలిన్ నౌరిన్ తదితరులు పన్నెండు దేశాలలోని 57 ఎన్నికల ప్రచారాల నుంచి ఇరవై వేలకు పైగా హామీలను ఏరి, ఒక్కొక్కటి ఏమైందో చూసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే పార్టీ నడిపే ప్రభుత్వాలు సంకీర్ణ ప్రభుత్వాల కంటే ఎక్కువ హామీలను నెరవేరుస్తాయని తేలింది. అధికారం ఎందరి చేతుల్లో పంచబడి ఉన్నదన్నది నాయకుని గుణం కాదు, పాలన అమరిక. ఆ పన్నెండు దేశాలలో భారతదేశం లేదు. అయినా ఆ చూపు తెలుగు రాష్ట్రాల అనుభవానికి బాగా సరిపోతుంది.

అన్నింటికంటే స్పష్టమైన ఉదాహరణ వ్యవసాయ విద్యుత్తు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్తు దస్త్రంపై తొలి సంతకం చేశారు. ఆ హామీ అంత వేగంగా అమలు కావడానికి కారణం, సేద్యపు మోటార్లకు అప్పటికే మీటరు లెక్క కాక, హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికి ఇంత అని కట్టే శ్లాబు విధానం ఉండడం. లబ్ధిదారుల జాబితా తయారు చేయనక్కరలేదు, కొత్త సిబ్బంది అక్కరలేదు, వసూలు చేస్తున్నదాన్ని మానుకుంటే చాలు. అదే నాయకుడు 2009 ఎన్నికలలో సరఫరాను ఏడు గంటల నుంచి తొమ్మిది గంటలకు పెంచుతామన్నారు. రెండు గంటల అదనపు కరెంటు సంతకంతో పుట్టదు. దానికి ఉత్పత్తి కావాలి, ఉత్పత్తికి బొగ్గో గ్యాసో కావాలి, ఊరి దాకా తీగలూ సబ్‌స్టేషన్లూ కావాలి. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆయన మరణించారు, 2012–13 నాటికి రాష్ట్రం తీవ్రమైన విద్యుత్ కొరతలో పడింది, ఆ అయిదేళ్లలో తొమ్మిది గంటల హామీ రాష్ట్రమంతటా అమలు కాలేదు. ఆయన బతికి ఉంటే అమలయ్యేదని అభిమానులు అనవచ్చు గాని, నాయకుని మాట బొగ్గు గనికి ఆజ్ఞ కాజాలదు.

నెరవేరిన ఉచిత విద్యుత్తు హామీలో కూడా ఓటరుకు కనిపించని పార్శ్వం ఒకటున్నది. ఏదైనా వర్గానికి ప్రభుత్వం రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును ముందుగానే పంపిణీ సంస్థకు, అంటే డిస్కమ్‌కు, చెల్లించాలని 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ చెబుతుంది. ఆ చెల్లింపు ఆలస్యమైతే హామీ రైతు దగ్గర నెరవేరినట్లే ఉంటుంది, బాకీ మాత్రం డిస్కమ్ ఖాతాలో పేరుకుంటుంది. కనుక హామీ అమలయిందా అని అడిగి ఊరుకోవడం చాలదు, ఎవరి ఖర్చుతో అమలయిందని కూడా అడగాలి.

కిలో రెండు రూపాయల బియ్యం 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రాగానే మొదలైంది. రేషన్ దుకాణాల వ్యవస్థ అప్పటికే ఉన్నందున మారవలసింది ధర ఒక్కటే. 1996లో ఆ ధరను మూడున్నర రూపాయలకు పెంచారు, 2008లో మరో పార్టీ తిరిగి రెండు రూపాయలు చేసింది. జనం నోట నిలిచిన హామీ పార్టీ చేతులు దాటిపోయి, ఏ ప్రభుత్వం వచ్చినా తప్పించుకోలేని బాధ్యత అవుతుంది.

మద్యనిషేధం కథ వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం వల్ల 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు మాట ప్రకారం 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమలులోకి వచ్చింది. కింది నుంచి ఉద్యమం, పై నుంచి చిత్తశుద్ధి రెండూ ఉన్న హామీ అది. అయినా 1997లో అదే పార్టీ ప్రభుత్వం దాన్ని సడలించింది, ఎందుకంటే ఎక్సైజ్ రాబడి పోయిన లోటును పూడ్చే మరో దారిని హామీలో గాని, తరువాతి పాలనలో గాని ఎవరూ సిద్ధం చేయలేదు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ దశలవారీ నిషేధాన్ని వాగ్దానం చేసి, దుకాణాలను ప్రభుత్వపరం చేసి, 2022లో బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా మద్యం రాబడిని ఆధారంగా చూపి బాండ్లు జారీ చేయించింది. రాబోయే ఏళ్ల మద్యం ఆదాయాన్ని తాకట్టు పెట్టిన ప్రభుత్వం మద్యాన్ని ఎలా మానిపిస్తుందో అర్థశాస్త్రం తెలియని ఇల్లాలు కూడా చెప్పగలదు.

రుణమాఫీలో అమరిక మరింత చిక్కుపడింది. 2014 ఎన్నికలలో వ్యవసాయ రుణాలన్నీ రద్దు చేస్తామని తెలుగుదేశం చెప్పింది; జూన్ 8న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నారా చంద్రబాబు నాయుడు చేసిన తొలి సంతకం మాఫీ మీద కాదు, మాఫీ విధివిధానాలను నిర్ణయించే కమిటీ మీద. అప్పు ఇచ్చినది బ్యాంకు, తీసుకున్నది రైతు, బ్యాంకులను నియంత్రించేది రిజర్వు బ్యాంకు. మాట ఇచ్చిన పార్టీ ఈ ముగ్గురిలో ఎవరూ కాదు. పైగా కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293(3) అధికరణం కింద కేంద్రం సమ్మతి తప్పనిసరి. చివరికి కుటుంబానికి లక్షన్నర పరిమితి వచ్చింది. పంటను బట్టి ఎకరానికి ఇంత అని నిర్ణయించే ‘స్కేల్ ఆఫ్ ఫైనాన్స్’ కొలత వచ్చింది. యాభై వేల లోపు వారికి ఒకేసారి, మిగిలినవారికి వాయిదాలలో చెల్లింపు అన్న పద్ధతి వచ్చింది. 2019 ఎన్నికల నాటికి చివరి వాయిదాలు పూర్తిగా చేరలేదు, తరువాతి ప్రభుత్వం మాఫీ ఉత్తర్వును రద్దు చేసింది. తెలంగాణలో లక్ష రూపాయల లోపు రుణాలకు పరిమితమైన మాఫీ నాలుగు వాయిదాలలో సాగింది. చిన్న హామీ ఇచ్చినవారు దాన్ని ఎక్కువ భాగం చెల్లించగలిగారు గాని, మధ్యకాలంలో బ్యాంకులు లెక్కగట్టిన వడ్డీ రెండు చోట్లా చాలామంది రైతులకు భారమైంది.

హామీలోని పదాల అమరికా ముఖ్యమే. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ హామీలో సామాజిక పింఛను మూడు వేలు అన్న అంకె అందరికీ వినిపించింది. ‘పెంచుకుంటూ పోతాం’ అన్న క్రియ కొద్దిమందికే వినిపించింది. 2,250తో మొదలైన పింఛను మూడు వేలకు చేరేసరికి 2024 జనవరి వచ్చింది. అధికారంలోకి వచ్చిన వారంలోగా సీపీఎస్ అనే ప్రభుత్వోద్యోగుల చందా పింఛను విధానాన్ని రద్దు చేస్తామన్న మరో హామీకి గడువు స్పష్టంగానే ఉన్నా, దశాబ్దాల పాటు ఖజానాపై పడే భారాన్ని లెక్కించకుండా గడువు పెట్టడం వల్ల అది నెరవేరనే లేదు.

ఇక చట్టం సంగతి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షన్ ఓటుకు లంచమివ్వడాన్ని అవినీతి చర్యగా పేర్కొంటుంది. ఎన్నికల ప్రణాళికలోని హామీ ఆ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2013 జులైలో సుబ్రమణ్యం బాలాజీ కేసులో తీర్పు చెప్పి, మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఫలితంగా హామీల వెనుక హేతుబద్ధతను, నిధులు వచ్చే మార్గాన్ని స్థూలంగా సూచించాలన్న నియమం ప్రవర్తనా నియమావళిలో చేరింది. నియమం ఉన్నది, ఉల్లంఘనకు శిక్ష లేదు. ఆ తీర్పును పునఃపరిశీలించే విషయాన్ని 2022 ఆగస్టు 26న, పదవీ విరమణ నాడు, ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది.

న్యాయస్థానం హామీలను నిషేధించాలని కోరుకోవడం కూడా సరికాదు. రెండు రూపాయల బియ్యాన్ని నాడు ఏ కోర్టయినా ఆపి ఉంటే అన్యాయమయ్యేది. చేయవలసిన పని శాసనసభల్లో ఉన్నది. ఏటా బడ్జెట్‌తో పాటు, అధికార పార్టీ ఎన్నికల ప్రణాళికలోని ప్రతి అంశానికి ఎదురుగా జీవో సంఖ్య, కేటాయించిన మొత్తం, విడుదలైన మొత్తం, చెల్లించని బాకీ అన్న నాలుగు గడులు నింపిన పత్రాన్ని సభ ముందుంచాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ్యులను వారి వారి నియోజకవర్గాల ఓటర్లు ఇప్పటి నుంచే అడగాలి; ఎన్నికలు దగ్గరపడ్డాక అడిగితే దొరికేది మరో హామీయే.