రుద్రమదేవికి పోటీదారులు ఎవరు?

(ఖాజాగూడలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చారిత్రక నవలల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఉత్తర్వు. డి.ఏ. బకాయిల గురించి అని వేసి ఉంటే ఇంకో వందమంది వచ్చేవారు. అయినా ఉత్తర్వు ఉత్తర్వే కదా.

మన తరంలో చాలామందికి రుద్రమదేవి పాఠ్యపుస్తకంలో కంటే ముందు అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’లో పరిచయమైంది. బాపిరాజుగారు 1940లలో మన హైదరాబాదులోనే తెలుగు ‘మీజాన్’ పత్రికకు సంపాదకులుగా పనిచేశారు. నోరి నరసింహశాస్త్రిగారు కూడా ‘రుద్రమదేవి’ అనే నవల రాశారు. మన మనుమలకు మాత్రం 2015లో గుణశేఖర్‌గారు తీసిన సినిమాయే చరిత్ర. అది వారి తప్పు కాదు. మనకు నవలే చరిత్ర అయింది గదా!

కథ మీకు తెలిసిందే. గణపతిదేవ చక్రవర్తికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను కొడుకులా పెంచి, రుద్రదేవ మహారాజని పేరుపెట్టి సింహాసనం ఎక్కించాడు. ‘ఆడది మమ్మల్ని ఏలడమేమిటి’ అని సవతి తమ్ములు హరిహరదేవుడు, మురారిదేవుడు కుట్ర చేశారు, ఓరుగల్లును పట్టుకున్నారు. రుద్రమ తన పక్షంవారిని కూడగట్టుకుని వారిని హతమార్చింది. చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

మనమంతా ఫైళ్ళ మధ్య జీవితం గడిపినవాళ్ళం. ‘ఈ మాటకు ఆధారం ఏ కాగితం?’ అని అడగకుండా సంతకం పెట్టే అలవాటు మనకు లేదు. ఆ అలవాటుకొద్దీ ఈ తమ్ములిద్దరి సర్వీసు రిజిస్టరు కోసం వెదికాను. శాసనాల్లో వారి పేర్లు లేవు. వారి కథ వచ్చేది ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ నుంచి. అది కాకతీయులు పోయిన చాలా కాలానికి రాసిన గ్రంథం. అందులో రుద్రమ గణపతిదేవునికి కూతురు కూడా కాదు, భార్య! 1290ల ప్రాంతంలో మోటుపల్లి రేవు సంగతులు రాసిన మార్కోపోలో కూడా భర్త పోయాక నలభై ఏళ్ళుగా రాజ్యం ఏలుతున్న రాణి అనే రాశాడు. న్యాయం తప్పని పాలన అని మెచ్చుకున్నాడు గాని, బంధుత్వం మాత్రం తప్పు రాశాడు. రాజ్యం ఏలే స్త్రీ కనబడితే ‘ఎవరి భార్యో’ అనుకోవడం అందరికీ తేలిక.

ఈ పొరపాటును సరిదిద్దిన కాగితం, అంటే రాయి, గుంటూరు జిల్లా మల్కాపురంలో ఉంది. సంవత్సరం 1261. రుద్రమ గణపతిదేవుని కూతురని అందులో స్పష్టంగా ఉంది. తండ్రి తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇస్తానన్న మందడం గ్రామాన్ని కూతురు దానం చేసింది, తన వంతుగా వెలగపూడిని కూడా కలిపింది. ఆ ఆదాయంతో నడిచిన వాటిలో మఠంతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నాయి. వెలగపూడి అంటే 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న ఊరే. అక్కడికి బదిలీ మీద వెళ్ళిన మన మిత్రులు ఇది విని కాస్త ఊరట పొందవచ్చు.

తమ్ములు లేరంటే పోటీ లేదని కాదు. దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. స్త్రీ గనుక ఆమెను విడిచిపెట్టాడని ఆయన కొలువులోని హేమాద్రి గొప్పగా రాసుకున్నాడు. విడిచిపెట్టాడో, విడిచిపెట్టక తప్పలేదో మన ఇష్టం. అసలైన దెబ్బ మాత్రం లోపలి మనిషి కొట్టాడు. కాయస్థ అంబదేవుడు కడప సీమలో వల్లూరు కేంద్రంగా కాకతీయులకు సామంతుడు. అతని అన్నలు ఇద్దరూ అదే పదవిలో నమ్మకంగా పనిచేశారు. ఇతడు తిరగబడి స్వతంత్రుడయ్యాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన విజయాల జాబితా వేయించుకున్నాడు.

దానికి ఏడాది ముందు, 1289 నవంబరులో, నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక చిన్న శాసనం వెలిసింది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. సేనాని మల్లికార్జున నాయకుని బంటు. కాకతి రుద్రమదేవికి, తన దొర మల్లికార్జున నాయకునికి శివలోకప్రాప్తి కలగాలని దేవుడికి భూమి ఇచ్చాడు. అంతే. రాణి, సేనాని ఒకే రాతిలో, ఒకే ప్రార్థనలో! అంబదేవుని మీదికి వెళ్ళిన యుద్ధంలోనే ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. అప్పటికి ఆమె పాలనకు వచ్చి 27 ఏళ్ళు. మనలాగ పింఛను తీసుకుని కూర్చోవలసిన వయసులో ఆమె యుద్ధభూమిలో ఉందన్నమాట. బాపిరాజుగారి నవలంటే నాకు ప్రాణమే గాని, ఆయన కల్పించిన ఏ ఘట్టమూ ఈ రాయి ముందు నిలవదు.

నవలాకారులకు సవతి తమ్ములు ఎందుకంత నచ్చారు? నాకు తోచేది చెబుతాను. కూతురికి ఆస్తి వస్తే మగవాడెవడో ఒకడు అడ్డం పడి తీరాలని మన మనసులో ఉంది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు పూర్వికుల ఆస్తిలో సమాన వాటా ఇస్తూ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అంతకు ముందే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఈ ఖాజాగూడ, నానక్‌రాంగూడ వైపు రాళ్ళ మధ్య చవకగా జాగా కొనుక్కున్నవారు మనలో ఉన్నారు. ఇవాళ ఆ రాళ్ళ ధర మీకు తెలుసు, ఆ ఇళ్ళలో వినబడే మాటలూ తెలుసు. గణపతిదేవుడు ఆ మాటలకు తావివ్వలేదు. తాను బ్రతికి ఉండగానే కూతురిని పక్కన కూర్చోబెట్టి, ఆమె పేర ఉత్తర్వులు నడిపించాడు.

మరి రుద్రమ ఏం చేసింది? ఆమెకూ కూతుళ్ళే. వారిలో ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుని దత్తు తీసుకుని వారసుణ్ణి చేసింది. కూతురిని కాదు, మనుమణ్ణి. దీనికి నేను ఆమెను తప్పు పట్టను. ఆ కుర్చీలో కూర్చున్న ఆడదానికి ఏం జరుగుతుందో ఆమెకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అయినా నవల రాయవలసిన చోటు అదే అనుకుంటాను. ముమ్మడమ్మ ఆ రోజు ఏమనుకుంది? తల్లిని చూస్తూ పెరిగిన పిల్ల కదా. ఈ ప్రశ్న మీద రాసిన నవల నాకు కనబడలేదు. సభలో ఉన్న సోదరీమణుల్లో ఎవరికైనా కలం పట్టాలని ఉంటే, ఇదిగో ఇతివృత్తం.

చివరగా ఒక ప్రతిపాదన. ప్రతి ఏడూ మన విహారయాత్ర ఏ గుడికో వెళుతోంది. ఈసారి చందుపట్ల వెళదాం. విజయవాడ హైవే మీద నకిరేకల్ దాకా బస్సు హాయిగా పోతుంది, తెల్లవారి బయలుదేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు. రావాలనుకునేవారు కోశాధికారిగారి దగ్గర పేర్లు రాయించండి. మోకాళ్ళ నొప్పులవారికి ముందు సీట్లు.